డ్రైవరుతో మాట్లాడరాదు

పాత ఆర్టీసీ బస్సుల్లో తిరిగినవాళ్ళకు ఆ అక్షరాలు జ్ఞాపకం వుండే వుంటాయి. "పొగ త్రాగరాదు", "చేతులు బయట పెట్టరాదు", "స్త్రీలకు మాత్రమే" (దీన్ని మాత్రం యెవరూ చదివేవారు కాదు లెండి), వాటి సరసనే "డ్రైవరుతో మాట్లాడరాదు". చిన్నప్పుడు అది చదివి, "పాపం ఈయన యెవరితోనూ మాట్లాడకుండా బందరు నుంచి హైదరాబాదు దాకా యెలా వెళ్తాడమ్మా?" అని అమ్మని అడిగినవాళ్ళు మనలో చాలామందే వుంటారు.

నిజాం రైల్వేవారు 1932లో 27 బస్సులతో మొదలుపెట్టిన రోడ్డు రవాణా శాఖ తర్వాత చేతులు మారి, 1958 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ అయింది. ఆ బోర్డులు రాయించిన అధికారులు మనస్తత్వశాస్త్రం చదివి రాయించి వుండరు. బండి నడిపేవాడి ధ్యాస బండిమీద వుండాలి, నోరు కదిలితే ధ్యాస కదులుతుంది, అంతే వాళ్ళ లెక్క. అప్పట్లో డ్రైవరుతో మాట్లాడాలంటే కనీసం ఆ బస్సులో కూర్చుని వుండాలి. ఇప్పుడో? అత్తగారు అమలాపురంలో వుండీ, ఆడపడుచు అమెరికాలో వుండీ కూడా కూకట్‌పల్లి చౌరస్తాలో కారు నడుపుతున్నాయనతో కబుర్లు చెప్పొచ్చు. బోర్డు యెక్కడ తగిలిద్దాం చెప్పండి?

అసలు కార్లోకి ఫోను యెలా వచ్చిందో చూస్తే ఒక తమాషా కనిపిస్తుంది. దాన్ని మొట్టమొదట కోరుకున్నది సామాన్యులు కాదు, స్వీడన్‌లో టెలిఫోన్ల కంపెనీ పెట్టిన లార్స్ మాగ్నస్ ఎరిక్‌సన్ గారే. 1900 దాటాక ఆయన కంపెనీ వ్యవహారాలు వదిలేసి వ్యవసాయంలో పడ్డాడు. ఆయన భార్య హిల్డా గట్టి మనిషి. కంపెనీ పసితనంలో భర్తతో సమానంగా కష్టపడింది. కారు కొని దేశం చూద్దామని సరదా పడిందీ ఆవిడేనట. ఆయనకి ఆ కొత్త రకం బండి మీద మొదట్లో మోజు లేదు. తీరా కొన్నాక, 1910 ప్రాంతంలో, అందులో ఒక టెలిఫోను అమర్చాడు. తీగ లేకుండా మాట్లాడే విద్య ఇంకా రాలేదు కదా, మరెలా? దారి పక్కన టెలిఫోను తీగలు కనిపించినచోట కారు ఆపేవారు. హిల్డా కారు దిగి, గాలపు కర్రల్లాంటి రెండు పొడుగాటి కర్రలు పైకెత్తి తీగలకు తగిలించేది. ఆయన మరచుట్టు తిప్పితే దగ్గర్లోని ఎక్స్‌ఛేంజి పలికేది. ఇద్దరూ కలిస్తేగాని ఒక ఫోను కాదన్నమాట! కారు ఆగితేగాని అసలు కాదు. ఆ కారు ఫోనంత భద్రమైన కారు ఫోను మళ్ళీ పుట్టలేదని నా అభిప్రాయం.

నడుస్తున్న కార్లో మాట్లాడే ఫోను 1946 జూన్ 17న అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో మొదలైంది. సరంజామా మొత్తం 80 పౌన్లు, అంటే దాదాపు 36 కిలోలు. మనం ఇంటికి తెచ్చుకునే పాతిక కిలోల బియ్యం బస్తా నయం. అదంతా డిక్కీలో పడుకుంటే, రిసీవరు మాత్రం డ్రైవరు పక్కన వేలాడేది. నంబరు తిప్పే పని లేదు, ఆపరేటరమ్మ కలపాలి. ఊరు మొత్తమ్మీద ఒక్కసారి ముగ్గురికంటే యెక్కువమంది మాట్లాడ్డానికి వీలయ్యేది కాదు. ఆ లెక్కన దానివల్ల పెద్ద ప్రమాదం లేదు, అంతమందికి అందితే కదా!

అయినా జాగ్రత్తపరులు అప్పుడే అనుమానించారు. 1960ల తొలి రోజుల్లో మిషిగన్ రాష్ట్రంలో ఒక విచారణ సంఘం ఈ కారు ఫోన్లతో ముప్పు లేదా అని ఆరా తీసింది. సాక్ష్యం చెప్పినవారిలో మోటరోలా ఇంజనీరు మార్టిన్ కూపర్ ఒకరు. కారు కదులుతున్నంతసేపూ నంబరు తిప్పే చక్రానికి తాళం పడేట్టు వుండాలని ఆయన సలహా చెప్పాడట. ఈయనే తర్వాత 1973 ఏప్రిల్ 3న న్యూయార్కు వీధిలో నిలబడి, చేత్తో పట్టుకునే సెల్ ఫోనులో ప్రపంచంలో మొదటిసారి మాట్లాడింది. అవతలివాడు పోటీ కంపెనీ ఇంజనీరు, ఉడికించడానికే చేశాడు. చూశారా, ఫోనుని చేతికిచ్చిన మనిషే, అంతకు పదేళ్ళ ముందు, కార్లో దానికి తాళం వెయ్యమన్నాడు. ఆ తాళం మాట యెవరూ పట్టించుకోలేదు.

ఇక అసలు కథకి వస్తాను. 1969లో ఇంగ్లండులో, కేంబ్రిడ్జిలోని శాస్త్రజ్ఞులు ఒక పరీక్ష పెట్టారు. 24 మందిని కారు నడపమన్నారు. దారిలో అక్కడక్కడా అడ్డాలు పెట్టి, వాటి మధ్య సందులు వదిలారు. కొన్ని సందుల్లోంచి కారు పడుతుంది, కొన్నిట్లోంచి పట్టదు. పడుతుందనుకుంటే వెళ్ళాలి, పట్టదనుకుంటే మానాలి. ఇంతేనా అంటే, మధ్యలో చెవికి తగిలించిన ఫోనులోంచి ఒక చిన్న వాక్యం వినిపిస్తుంది. "ఏ తర్వాత బీ వస్తుంది" అని చెప్పి, వెంటనే "బీ, ఏ" అంటారు. తప్పా, ఒప్పా అని జవాబు చెప్పాలి. రెండో క్లాసు పిల్లాడు చెప్పే జవాబే. చేతులు రెండూ స్టీరింగు మీదే వున్నాయి, గమనించండి. మనం ఈరోజు హ్యాండ్స్‌ఫ్రీ అంటున్నది సరిగ్గా అదే.

ఫలితం యేమొచ్చింది? స్టీరింగు తిప్పే నేర్పు దాదాపు చెక్కుచెదరలేదు. అలవాటైన చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. చెడింది అంచనా. కారు పట్టని సందులు పడతాయనిపించాయి! చెయ్యి తిరిగిన ఇల్లాలు ఫోనులో మాట్లాడుతూ కూడా వంకాయలు చకచకా తరిగేస్తుంది, కూరలో ఉప్పు వేశానా లేదా అన్నదే తర్వాత గుర్తుకు రాదు, ఇదీ అలాంటిదే. ఉప్పు రెండుసార్లు పడితే ఆ పూట మజ్జిగతో సరిపెట్టుకుంటాం. లారీ పక్క సందుతో ఆ సరిపెట్టుకోవడం కుదరదు.

అంటే 1969 నాటికే తేలిపోయిందన్నమాట, చిక్కు చేతిలో లేదు, బుర్రలో వుందని. మనదేశంలో అప్పటికి ఇంట్లో ఫోను రావాలంటేనే యేళ్ళ తరబడి దరఖాస్తు పెట్టుకుని కూర్చోవాలి.

మనకు సెల్ ఫోను 1995 జూలై 31న వచ్చింది. ఆ రోజు కలకత్తా నుంచి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఢిల్లీలో కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. మొదట్లో చేసినా డబ్బే, వచ్చిన కాల్ యెత్తినా డబ్బే. అందుకనే మనవాళ్ళు మిస్డ్ కాల్ అనే మహత్తర విద్య కనిపెట్టారు. ఒక్క రింగంటే బయల్దేరాను, రెండంటే చేరాను, మూడంటే పాలపాకెట్ తెమ్మని. దమ్మిడీ ఖర్చు లేదు, మాటా లేదు. 2003 మేలో వచ్చే కాల్‌కి డబ్బు తీసేశారు. అప్పట్నుంచి మన నాలుకలకి కళ్ళెం పోయింది. ఫోను అందరి చేతికీ వచ్చేసరికి, ఆ చెయ్యి బండి హ్యాండిల్ మీద వుండవలసిన చెయ్యి కూడా అయింది.

అప్పుడే మన స్వదేశీ హ్యాండ్స్‌ఫ్రీ పుట్టింది. ఏ కంపెనీవారూ దానికి పేటెంటు తీసుకోలేదు గాని, మన రోడ్లమీద రోజూ చూస్తున్నదే. హెల్మెట్టుకీ చెవికీ మధ్య ఫోను ఇరికించడం ఒక పద్ధతి. మెడ వంచి భుజానికి నొక్కిపట్టడం ఇంకో పద్ధతి, దూరం నుంచి చూస్తే పాపం మెడ పట్టేసిందేమో అనిపిస్తుంది. అమ్మాయిలైతే ఎండకు ముఖానికి చుట్టుకున్న చున్నీలోనే ఫోను దోపి, దారంతా ముసిముసిగా నవ్వుకుంటూ పోతారు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, చేతులు ఖాళీగానే వుంటాయి.

ఖరీదైన హ్యాండ్స్‌ఫ్రీకి ఇంకా గొప్ప వంశం వుంది. తీగ లేకుండా చెవికీ ఫోనుకీ ముడివేసే బ్లూటూత్‌కి ఆ పేరు, వెయ్యేళ్ళ కిందటి డెన్మార్కు రాజు హెరాల్డ్ బ్లూటూత్‌ది. ఆయన జాతుల్ని కలిపాడు, ఇది యంత్రాల్ని కలుపుతుందని. మాట ఒకే తరంగం మీద పోకుండా సెకనుకి 1600 సార్లు ఒకదాన్నుంచి ఇంకోదానికి గెంతుతూ పోతుంది. అన్నట్టు, ఇలా గెంతే ఉపాయానికి 1942లో పేటెంటు పుచ్చుకున్న ఇద్దరిలో ఒకరు హాలీవుడ్ సినిమా తార హెడీ లమార్. రెండో ఆయన సంగీతకారుడు. యుద్ధంలో టార్పెడోలను శత్రువు దారి తప్పించకుండా వుండటానికని ఆలోచించారు. అందగత్తెకు బుర్ర యెందుకనుకున్నారో యేమో, నౌకాదళం వారు దాన్ని అప్పట్లో వాడుకోలేదు.

సరే, చెవిలో బ్లూటూత్ పెట్టుకుంటే ప్రాణానికి ఢోకా లేనట్టేనా? 1997లో కెనడాలోని టొరంటోలో ఇద్దరు పరిశోధకులు దీన్ని వేరే దారిన పట్టుకున్నారు. సెల్ ఫోను వుండి, కారుకి దెబ్బ తగిలిన 699 మంది డ్రైవర్లను తీసుకుని, వాళ్ళ ఫోను బిల్లులు తిరగేశారు. మొత్తం 26,798 కాల్స్. దెబ్బ తగిలిన నిమిషం, అంతకుముందు రోజుల్లో అదే వేళ, పక్కపక్కన పెట్టి చూశారు. ఫోనులో మాట్లాడుతున్నప్పుడు ప్రమాదం జరిగే అవకాశం మామూలుకన్నా నాలుగు రెట్లు. చేత్తో పట్టుకుని మాట్లాడినా, పట్టుకోకుండా మాట్లాడినా పెద్ద తేడా కనబడలేదు. 2005లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో, దెబ్బలు తగిలి ఆసుపత్రికి వచ్చిన 456 మంది డ్రైవర్లను విచారిస్తే అక్కడా అదే నాలుగు రెట్లు, అక్కడా అదే మాట.

చట్టాలు చేసేవాళ్ళకి మాత్రం చెయ్యే కనబడుతుంది. పాపం, పోలీసుకి మనసు కనబడదుగా! 2001 నవంబరులో న్యూయార్కు రాష్ట్రం, 2003 డిసెంబరులో బ్రిటన్, ఇలా ఒక్కొక్కరే చేత్తో పట్టుకుంటే తప్పు అన్నారు. పట్టుకోకపోతే తప్పు కాదని చెప్పకుండానే చెప్పినట్టయింది. హ్యాండ్స్‌ఫ్రీ సామాన్లు అమ్మేవాళ్ళకి అంతకన్నా ప్రకటన యేం కావాలి?

ఇందులో నన్ను బాగా కలచిన సంగతి ఒకటుంది. 2003లో అమెరికా రోడ్డు భద్రత శాఖ పరిశోధకులు లెక్కలు కట్టారు. 2002 ఒక్క యేడులో డ్రైవర్ల సెల్ ఫోన్ల మూలంగా 955 మంది చనిపోయి వుంటారని, 2,40,000 ప్రమాదాలు జరిగి వుంటాయని తేలింది. హ్యాండ్స్‌ఫ్రీ చట్టాలతో ఈ చిక్కు తీరకపోవచ్చని హెచ్చరిస్తూ, రవాణా మంత్రి పేరుమీద రాష్ట్రాల గవర్నర్లకు ఒక ఉత్తరం కూడా తయారైంది. అది పోస్టులో పడలేదు. ఆరేళ్ళు బీరువాలో వుంది. రెండు పౌరసంఘాలు పట్టుబట్టి సమాచార చట్టం కింద రాబట్టితే, 2009లో లోకానికి తెలిసింది. ఆ ఆరేళ్ళలో, చెవికి తీగ తగిలించుకున్నాం కదా అని ధీమాగా బయల్దేరినవాళ్ళు యెందరో! ఉత్తరం అందితే అందరూ మానేసేవాళ్ళని కాదు. మానుకోవడమా వద్దా అని ఆలోచించుకునే హక్కయినా వాళ్ళకుండేది. 2011 డిసెంబరులో ఆ దేశపు ప్రమాదాల విచారణ సంఘం హ్యాండ్స్‌ఫ్రీతో సహా అన్నీ మాన్పించమని బాహాటంగా చెప్పింది. డ్రైవర్లందరికీ వర్తించేట్టు అలాంటి చట్టం అక్కడ ఏ రాష్ట్రమూ చేయలేదు.

అలాగని హ్యాండ్స్‌ఫ్రీ వల్ల ఉపయోగమే లేదని నేననను. గంటకి 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు నడుస్తుంది. యెవరు చేశారో చూద్దామని రెండు సెకన్లు ఫోనువైపు చూస్తే 33 మీటర్ల రోడ్డు కళ్ళు మూసుకుని దాటినట్టే. ఇంక మెసేజి కొట్టడం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ చూపు తప్పడం, చెయ్యి తప్పడం హ్యాండ్స్‌ఫ్రీతో తగ్గుతాయి. తగ్గనిది మూడోది.

ఆ మూడోదానికి మన భాషలో చక్కని మాట వుంది, పరధ్యానం. ధ్యానం లేకపోవడం కాదు, ఇంకోచోట వుండటం. అమెరికాలో యూటా విశ్వవిద్యాలయం వారు 2003లో దీన్నే కొలిచారు. నడుపుతున్నవాళ్ళ చూపు యెక్కడ పడుతోందో కనిపెట్టే పరికరం పెట్టి, హ్యాండ్స్‌ఫ్రీలో మాట్లాడిస్తూ బొమ్మ రోడ్డు మీద కారు నడిపించారు. దారి పక్క బోర్డుల మీద కళ్ళు సరిగ్గానే పడ్డాయి. తర్వాత అడిగితే చాలావాటిని చూసిన గుర్తే లేదు! బడి పిల్లల ముందు కూర్చున్న మేష్టార్లకు ఈ విద్య యెప్పుడో తెలుసు: "ఒరేయ్, ఇటే చూస్తున్నావుగాని వింటున్నావా?" అని.

అయితే పక్కన కూర్చున్నవాళ్ళతో మాట్లాడినా ఇంతేగా అని మగవాళ్ళు వాదిస్తారు. ఇక్కడ మనం కాస్త నిటారుగా కూర్చోవచ్చు. ఆ యూటా వారే 2008లో దీన్నీ పరీక్షించారు. కొందరికి ఫోనులో స్నేహితుణ్ణి ఇచ్చారు, కొందరికి పక్క సీట్లో కూర్చోబెట్టారు. కబుర్లు చెప్పుకుంటూ వెళ్ళి ఫలానాచోట రోడ్డు దిగి ఆగమన్నారు. ఫోనువాళ్ళలో దాదాపు సగంమంది ఆ మలుపు దాటేసి పోయారు. పక్కన మనిషి వున్నవాళ్ళలో తప్పినవాళ్ళు చాలా తక్కువ. కారణం? పక్కనున్న మనిషికీ రోడ్డు కనబడుతుంది. రద్దీ రాగానే మాట ఆపుతుంది, మలుపు రాగానే గుర్తుచేస్తుంది. "అబ్బా, ముందు చూడండి, లారీ!" అని మనం అరిస్తే "నువ్వు నోరు మూసుకుంటే నేను నడుపుతాను" అంటారే, ఆ అరుపుకి విశ్వవిద్యాలయం వారి సర్టిఫికెట్ వుందన్నమాట. ఫోనులో మనిషికి లారీ కనబడదు. మలుపు మధ్యలో వున్నప్పుడే, "ఇంతకీ పెళ్ళికి వాళ్ళని పిలవాలా వద్దా, యేదో ఒకటి తేల్చండి" అంటుంది.

మనదేశంలో 1988 మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, 2019 సెప్టెంబరు 1 నుంచి ఫోను చేత్తో పట్టుకు నడపడాన్ని ప్రమాదకరమైన డ్రైవింగుల జాబితాలో పేరుపెట్టి చేర్చారు. మొదటిసారి 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరునెలల నుంచి యేడాది జైలు, లేదా రెండూ. మూడేళ్ళలోపు మళ్ళీ చేస్తే జరిమానా 10,000 దాకా. 2020 అక్టోబరు నుంచి దారి చూసుకోవడానికి మాత్రం, డ్రైవరు ఏకాగ్రత చెడకుండా వాడుకోవచ్చన్నారు. ఇక్కడా మాట మళ్ళీ చేతి దగ్గరే ఆగింది. 2022లో మన రోడ్లమీద 1,68,491 మంది చనిపోయారని కేంద్రప్రభుత్వపు లెక్క. ఇందులో ఫోను వాటా యెంతో పూర్తిగా యే లెక్కలోనూ పట్టదు. ఆ క్షణాన చెవిలో యెవరున్నారో చెప్పవలసిన మనిషే లేకుండా పోతాడు కదా. మన తెలంగాణ ఆర్టీసీవారు 2025 సెప్టెంబరులో ప్రయోగంగా కొన్ని డిపోల్లో, డ్యూటీ యెక్కేముందు డ్రైవర్ల ఫోన్లు డిపోలోనే పెట్టించుకోవడం మొదలుపెట్టారు. ఇంట్లో అవసరమొస్తే డిపోకి చెప్తే, వాళ్ళు డ్రైవరుకి అందిస్తారట.

నాకిది నచ్చింది. ఎందుకంటే ఇన్ని పరీక్షల్లోనూ, ఇన్ని చట్టాల్లోనూ నడిపేవాడి గురించే మాట్లాడారు. ప్రతి కాల్‌కీ రెండో కొస ఒకటుంటుంది, అది తరచు మన వంటింట్లో వుంటుంది. "బయల్దేరారా?", "ఎక్కడిదాకా వచ్చారు?", "వస్తూ వస్తూ కరివేపాకు." ప్రేమతోనే చేస్తాం. ఇవాళ ఫోన్లలోనే "నేను డ్రైవింగులో వున్నాను, తర్వాత మాట్లాడతాను" అని దానంతటదే జవాబు పంపే యేర్పాటుంది. పిల్లల్ని అడిగితే అరనిమిషంలో పెట్టిస్తారు. ఆ జవాబు వస్తే అలగకుండా వుండటం మాత్రం మనమే నేర్చుకోవాలి.

మా వీధి చివర ఒకావిడ వున్నారు. ఆయనకి మందుల కంపెనీలో వుద్యోగం, రోజంతా మోటారుసైకిలు మీద ఊళ్ళు తిరగడమే. ఆవిడ పాత మిస్డ్ కాల్ విద్యని మళ్ళీ బయటికి తీసింది. బయల్దేరేముందు ఆయన ఒక రింగివ్వాలి, చేరి బండి స్టాండు వేశాక రెండు. మధ్యలో ఆవిడ చెయ్యదు, ఆయన చెయ్యడు. మొదట్లో చాలా కష్టమైందట. ఒకరోజు గాలివాన, చీకటి పడింది, రెండు రింగులు రాలేదు. అత్తగారు నాలుగుసార్లు వీధిలోకీ ఇంట్లోకీ తిరిగి, "ఆ ఫోనేదో చేసి కనుక్కోరాదుటే, రాతిగుండె నీది!" అన్నారట.

"చేస్తే యెత్తుతారత్తయ్యా, అదే నా భయం" అందట ఆవిడ, కిటికీ దగ్గర్నుంచి కదలకుండా.